ఆగేటోళ్లకు కోరలు పెట్టింది నేనే

మొన్న ఖమ్మంలో వాన వెలిసిన సాయంత్రం పాత పుస్తకాల తోపుడుబండి దగ్గర ఆగాను. తడిసీ తడవని కాగితం వాసన గుప్పుమంది. పైనే ఒక ఇంగ్లీషు నవల, అట్ట మీద ఎనిమిది కాళ్ల ఆకుపచ్చ జీవి. తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఎంతసేపు అలా నిలబడ్డానో గానీ, "కొంటరా మేడం, వాసన చూసి పోతరా?" అన్నాడు బండి అతను. ఏం చెప్పను అతనికి? అది భీమయ్య సారు గది వాసన. ఆయన లేరు, ఆ గదీ ఇప్పుడు ఇంకెవరిదో అయి ఉంటుంది. పుస్తకం కొన్నాను. ఇంటికొచ్చి చదవలేదు. ఊరికే టేబుల్ మీద పెట్టుకుని కూర్చున్నాను.

దుమ్ముగూడెం అవతల, అడవి అంచున ఉన్న ఆశ్రమ పాఠశాలకు ఆయన హెడ్మాస్టరు, సైన్సు చెప్పేది కూడా ఆయనే. నేను ముదిగొండ దగ్గరి రైతుల పిల్లని. ఇరవై మూడేళ్లకు కాంట్రాక్టు తెలుగు టీచరుగా అక్కడ దిగాను, కళ్లద్దాలూ కోపమూ రెండూ వేసుకుని. సారు కోయవారు. పొట్టి మనిషి, ఎప్పుడూ మడతలు పడ్డ తెల్ల చొక్కా. ఆయన గదిలో ఒక ఇనప్పెట్టె ఉండేది. అందరి పెట్టెల్లో బట్టలుంటాయి, ఆయన పెట్టె నిండా వేరే గ్రహాల వాళ్లుండేవారు. ఖమ్మం, హైదరాబాద్ ఎప్పుడు వెళ్లినా ఫుట్‌పాత్‌ల మీద వెతికి తెచ్చిన సైన్స్ ఫిక్షన్ నవలలు, చాలావాటికి అట్టలు కూడా లేవు. వాటిల్లోని జీవుల్లో ఒక్కోదాన్ని శనివారం చివరి పీరియడ్‌లో పిల్లలకు చెప్పేవారు. దానికి ఆయన పెట్టుకున్న పేరు 'ఈ వారం చుట్టం'.

ఒక వారం, వేలమంది ఉన్నా అందరికీ కలిపి ఒకటే బుర్ర ఉన్న జాతి వచ్చేది. ఇంకో వారం, మాటలు లేక ఒంటి రంగులు మార్చుకుంటూ మాట్లాడుకునేవాళ్లు. మరో వారం దేన్ని ముట్టుకుంటే దాని రూపం తీసుకునే జిగురుముద్ద. పిల్లలు నోళ్లు తెరుచుకుని వినేవారు, విన్నాక ప్రతిసారీ ఒకటే అడిగేవారు. "సారూ, అది బువ్వ తింటదా?" నాకు నవ్వొచ్చేది. సారు మాత్రం నవ్వేవారు కాదు.

"చూసినవా టీచరమ్మా," అన్నారు ఒకసారి. "రాసినాయన నాలుగు పేజీలు దాని తోక గురించి రాసిండు. మన పిల్లలు ఒక్క ముక్కల అసలుది అడిగిండ్రు. ఏం తింటది, ఎవరికి పెట్టినంక తింటది, దేనికి సిగ్గుపడ్తది. గది తెలిస్తేనే ఆ జీవి మనకు యాదికుంటది. తోకలు ఎవలకు యాదికుంటయి?"

"అట్లా అయితే అది మన పక్కింటి మనిషే అయిపోతుంది కదా సారూ. ఇంకేం గ్రహాంతరవాసి?" అని నేను వాదించాను. వాదించడం నాకు ఊపిరి తీసుకున్నంత తేలిక అప్పట్లో.

"పక్కింటోళ్ల సంగతి మనకు అంత బాగ తెలుసా ఏంది?" అన్నారాయన.

తెలియదని నెల తిరక్కుండానే తేలింది. బడి ఆవరణలో మామిడిచెట్టు పిందెలేసింది, అవి కాస్త కండపట్టాయి. మధ్యాహ్నం కర్రతో ఒకటి రాల్చుకుని, ముక్కలు కోసి, ఉప్పూ కారం అద్దుకుని ఒకటి కొరికాను. ఎదురుగా ఏడో తరగతి పిల్లలు వరసగా నిలబడి నన్నే చూస్తున్నారు. గుటకలేస్తున్నారు కాబోలనుకుని ముత్తి అనే అమ్మాయికి ఒక ముక్క అందించబోయాను. అది రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. పక్కవాడూ అంతే. నాకు ఒళ్లు మండింది. "నా చేతిది తినరేం? అంత కాని మనిషినా?" అని గట్టిగానే అరిచాను. అరుపుకి సారు బయటికొచ్చారు.

"వాళ్లను ఏమనకు తల్లీ," అన్నారు మెల్లగా. "మా దిక్కు మామిడి పండుగ అయ్యేదాక కాయ ముట్టరు. ఊరంత కలిసి దేవతకు పెట్టి, పోయిన పెద్దలకు పెట్టి, అప్పుడు అందరు కూసోని తింటరు. పిల్లలకు నోరూరక కాదు. పెట్టాల్సినోళ్లకు పెట్టకుంట తింటే గొంతు దిగదు."

నోట్లో ఉన్నది మింగలేక, ఉమ్మలేక అట్లాగే నిలబడ్డాను. ఆయన లోపలికెళ్లిపోయారు. ఆ శనివారం వచ్చిన చుట్టం మాత్రం ఏ పుస్తకంలోదీ కాదు.

వాళ్ల పేరు 'ఆగేటోళ్లు' అన్నారు సారు. ఎక్కడో చుక్కల అవతల నుంచి వచ్చి మన ఇప్పచెట్ల నడుమ దిగుతారు. సన్నగా, వెదురుగడల్లా ఉంటారు. ఘోరమైన ఆకలి మీద ఉంటారు, చెట్ల నిండా కాయలే. అయినా ముట్టరు. ఏ నేల మీద దిగితే ఆ నేల వాళ్లు తమ పండుగ చేసుకుని తిన్నాకే తినాలన్నది వాళ్ల నీతి. వరసగా కూర్చుని ఎదురుచూస్తుంటారు. మనవాళ్లకేమో అనుమానం. పోలీసులొస్తారు, కెమెరాల వాళ్లొస్తారు, ఏదో కుట్ర పన్నుతున్నారని టీవీల్లో అరుపులు. వాళ్లు మాత్రం కూర్చున్నచోటే ఎండిపోతుంటారు. చివరికి ఒక చిన్నపిల్ల సంగతి కనిపెట్టి ఊరి పెద్దలకు చెబుతుంది. ఊరు పండుగ ముందుకు జరుపుకుంటుంది. ఐదు శనివారాలు నడిచిందా కథ. ఆఖరి వారం ముత్తి ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను, పిల్లలు చూడకుండా.

"రాయండి సారూ," అని వెంటపడ్డాను. "నాకెందుకమ్మా రాతలు" అంటూనే ఒక పొడవాటి నోటుబుక్కులో రాశారు. నేను నా లాప్‌టాప్‌లో టైపు చేసి హైదరాబాద్‌లోని ఒక వారపత్రికకు పంపాను. ఏడాది దాకా ఉలుకూ లేదు పలుకూ లేదు. ఆ తర్వాతి మామిడి పండుగకు సారు సెలవు పెట్టి వాళ్ల ఊరు వెళ్లినప్పుడు ఫోనొచ్చింది. అవతల ఎడిటరు.

"కథ బాగుందమ్మా, కానీ వాళ్లొచ్చి ఊరికే కూర్చున్నారు. గ్రహాంతరవాసులంటే కాస్త భయం పుట్టాలి కదా? రెండు పేరాలు కలిపి సోమవారంలోగా పంపండి. లేకపోతే వేరే కథ వేసుకుంటాం."

సారు ఊళ్లో సిగ్నల్ ఉండదు. కానీ ఆటో మాట్లాడుకుని వెళ్లి అడగొచ్చు. వెళ్లలేదు. బద్ధకం కొంత, అన్నీ నాకే తెలుసన్న పొగరు కొంత. అచ్చులో పేరు చూసుకుంటే పొంగిపోతారులే అనుకుని నేనే కూర్చుని రాశాను. మూడో రోజుకి ఆగేటోళ్ల ఓర్పు చచ్చిపోతుంది. పెదాల కింద నుంచి కోరలు బయటికొస్తాయి. చెట్ల మీద పడి, ఆ తర్వాత ఊరి మీద పడతారు. రాసి, అదిరిపోయిందని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా. నా మొహం!

పత్రిక వచ్చింది శనివారం నాడే. బొమ్మ కూడా వేశారు, కోరలతో. సారు బొమ్మ మీద కాసేపు చెయ్యి ఉంచి, పిల్లల్ని కూర్చోబెట్టి చదవడం మొదలుపెట్టారు. ఆ పేరాల దగ్గరికి వచ్చేసరికి గొంతు నెమ్మదించింది. ఒక లైను చదివారు. ఆగారు. పేజీ తిప్పి చూశారు, మళ్లీ వెనక్కి తిప్పారు. ముత్తి లేచి, "సారూ, మనోళ్లు గట్ల చెయ్యరు గదా?" అంది.

"చెయ్యరు బిడ్డా," అన్నారు. "గీళ్లు వేరేటోళ్లు." పత్రిక మూసేసి, మిగతాది నోటితోనే చెప్పారు, మొదట చెప్పినట్టే.

బయటికొచ్చాక ఆయన అడగకముందే నా నోరు జారింది. "ఎడిటరే మార్చేశాడు సారూ. నాకు చెప్పనే లేదు." ఆయన నా మొహంలోకి చూశారు. "అవ్‌లే," అన్నారు. అంతే. తిట్టి ఉంటే బాగుండేది. ఆ తర్వాత కూడా చుట్టాలు వచ్చారు, శనివారాలు నడిచాయి. కానీ 'చూసినవా టీచరమ్మా' అని నన్ను పిలవడం మానేశారు. పిలుస్తారేమోనని స్టాఫ్‌రూమ్‌లో పుస్తకం తెరుచుకుని, చెవులు అటే పెట్టి కూర్చునేదాన్ని. నేనే రాశానని చెప్పేద్దామని ఎన్నిసార్లు ఆయన గది గుమ్మం దాకా వెళ్లానో. పెట్టెలోంచి ఆ పాత కాగితం వాసన వచ్చేది, వెనక్కి వచ్చేసేదాన్ని. మరుసటి ఏడు నాకు ఖమ్మంలో పర్మినెంటు ఉద్యోగం వచ్చింది. బస్సెక్కించడానికి వచ్చి, "మంచిగుండు తల్లీ" అన్నారు. అప్పుడైనా చెప్పలేదు.

నిరుడు ఆయన పోయారని వారం ఆలస్యంగా తెలిసింది. ఈసారి మాత్రం బస్సు దిగి ఆటో మాట్లాడుకుని ఆయన ఊరికి వెళ్లాను. వెళ్లాల్సినప్పుడు వెళ్లని ఊరు. ఆయన భార్య సమ్మక్క నన్ను చూడగానే, "తెలుగు టీచరమ్మవు గదా? నీ ముచ్చట చెప్పేటోడు" అంటూ మంచం వాల్చింది. ఏం చెప్పేవారో అడిగే ధైర్యం లేకపోయింది. పెట్టెలోని పుస్తకాలు బడి పిల్లలకిచ్చేశారట. ఒక్క నోటుబుక్కు మాత్రం పాలిథిన్ కవర్లో చుట్టి ఉంచింది. ఆమెకు చదువు రాదు.

విప్పి చూశాను. అదే కథ, అదే చేతిరాత. పండుగ జరిగి ఊరంతా బంతి భోజనానికి కూర్చునే చోట ముగిసిపోవాల్సింది, ముగియలేదు. వేరే రంగు సిరాతో ఇంకో పేజీ ఉంది.

'ఆగేటోళ్లల్ల ఒకామెకు కోరలు మొలిచినయి. ఆమె పిల్లలకు చదువు చెప్పేటామె. ఆమెది పాడు బుద్ధి గాదు, తొందర. తప్పు చేసి చెప్పుకోలేక భయపడ్డది, ఆ భయానికే కోరలు మొలిచినయి. సిగ్గుతోని చెట్టు ఎనుక నిలబడ్డది. ఊరోళ్లు పోయి చెయ్యి పట్టుకోని తోలుకొచ్చిండ్రు. బంతిల నడుమ జాగ చేసి కూసోబెట్టిండ్రు. ఆమె ఆకుల గూడ బువ్వ ఏసిండ్రు. ఆమె తినేదాక ఎవ్వలు లేవలేదు.'

మళ్లీ చదవబోతే అక్షరాలు కనబడలేదు. సమ్మక్క నా పక్కకొచ్చి కూర్చుంది.

"నీ గురించే రాసిండా బిడ్డా?"

"అవునమ్మా."

"ఏమన్న తిట్టిండా?"

"లేదమ్మా," అన్నాను. "బువ్వ పెట్టిండు."