బొబ్బర్లు తినేవాళ్ల పిల్ల

ఆ పొద్దున సితాన్ తనంతట తానే వచ్చిందా, ఎవరైనా రమ్మంటే వచ్చిందా? న్యేలేకి ఈ వయసులోనూ తెలియదు. చెప్పగలిగిన వాళ్లెవరూ ఇప్పుడు లేరు.

సితాన్ ఇంటిపేరు కెయితా. కూరల్లో వేసే సుంబాలా, అంటే పులియబెట్టిన గింజల ముద్దలు, సంతలో అమ్మేది. ఆ ఘాటు ఆమెకంటే ముందే వీధి మలుపు తిరిగేది. మొగుడు పోయాక ఎవరి పంచనా చేరలేదు. కులిబాలీ ఇంటిపేరున్న వాడు కనబడితే మాత్రం ఊరికే వదిలేది కాదు. కెయితాలకీ కులిబాలీలకీ తాతలనాటి వేళాకోళపు వరస. 'బొబ్బర్లు తినేవాడా', 'నా బానిసా' అని ఒకరినొకరు ఆడిపోసుకుంటారు. ఎంత తిట్టినా నవ్వాలి, అడిగింది కాదనకూడదు. కోపం తెచ్చుకున్నవాడిదే పరువు పోతుంది.

న్యేలే కులిబాలీల పిల్ల. ఊళ్లో బడి ముగించింది. పై తరగతులు సెగూ పట్నంలో, మేనత్త ఇంట్లో ఉండి చదవాలి. "ఆడపిల్లకి ఈ చదువు చాలు" అన్నాడు పెదనాన్న చేమోగో. అన్న మాటకి నాన్న బాకరీ తలూపాడు. అప్పటినుంచి కూతురి మొహంలోకి చూడటం మానేశాడు.

సెగూ బస్సు వచ్చే పొద్దున సితాన్ వచ్చి గుమ్మానికి అడ్డంగా చతికిలబడింది.

"ఒరే బొబ్బర్ల బాకరీ! కడుపు నిండిందా, ఇంకో కుండ దించమంటావా?"

"నిండకేం! మీ ఇంట్లో దొంగిలించినవేగా!"

"దొంగ బానిసా! నువ్వు నావాడివైతే నీ పిల్లా నాదే. దాన్ని సెగూ బడికి పంపుతున్నా. మీరు మింగిన బొబ్బర్లు లెక్కపెట్టడానికి మీలో ఒక్కరికైనా లెక్కలు రావాలిగా!"

చేమోగో గొంతు సవరించుకున్నాడు. "సితాన్, ఇది ఇంటి విషయం..."

"నువ్వూ నా బానిసవే ముసలోడా. నోట్లో గింజలు మింగి మాట్లాడు."

వాకిట్లో ఆడవాళ్లు కిసుక్కుమన్నారు. గడ్డం నిమురుకుంటూ బిగబట్టిన చేమోగోకీ చివరికి నవ్వు ఆగలేదు. బాకరీ అయితే కళ్లు తుడుచుకునేంతగా నవ్వాడు.

"ఏం చెయ్యను అన్నయ్యా! కెయితా ముసల్ది అడిగాక కాదంటే ఊరు నవ్వదూ?"

చేమోగో చెయ్యి ఊపాడు, పొమ్మన్నట్టు. బాకరీయే లోపలికెళ్లి కూతురి మూట తెచ్చాడు. అది అప్పటికే కట్టి ఉంది. ముడి చూసి న్యేలే గుర్తుపట్టింది. ఎడ్ల పలుపుకి నాన్న వేసే ముడి అది.

సితాన్ మూట నెత్తికెత్తుకుని ముందు నడిచింది. రోడ్డు మీద బస్సు ఆగగానే న్యేలేని ఎక్కించి, మూట ఒళ్లో పడేసింది. అడగాల్సింది అడుగుదామని న్యేలే కిటికీలోంచి తొంగి చూసేసరికి ఆమె అక్కడ లేదు. రోడ్డుకి అవతల టీ కాస్తున్న ఇంకో కులిబాలీ మీదికి పోతోంది, వెనక్కైనా చూడకుండా.

"ఒరే బొబ్బర్లోడా!"