హాడో నుంచి నొక్కిన బటన్

ఎలీసబెతు పుట్టి పెరిగింది సముద్రం నడుమ దీవిలో, హాడో అనే రేవుపేటలోనే. తాత కాకినాడ వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాడు. ఆమెకు యాభై రెండేళ్లు, పెళ్లి చేసుకోలేదు. ఆదివారాలు తెలుగు ఆరాధనలో పాడేది. మిగతా ఆరు రోజులూ రేవు పక్క గదిలో ఒక యంత్రం ముందు ఒంటరిగా కూర్చునేది.

ఆ యంత్రం పెట్టించింది రెండు పడవల కంపెనీలు. ఏ రోజు ఎవరి పడవకు ముందు జెట్టీ దక్కాలో అవి బొమ్మాబొరుసూ వేసి తేల్చుకోవాలి. ఎవరు నాణెం ఎగరేసినా రెండోవారు నమ్మరు. అందుకని నాణెం బదులు వెలుగు. నీళ్ల అవతల హోప్ టౌన్ నుంచి ఒకాయన సన్నటి గాజుతీగలో వెలుగు కణాలను ఒక్కొక్కటిగా పంపుతాడు. ఈమె వాటిని కొలిచి, తన వంతుగా యంత్రం మీద సున్నానో ఒకటో నొక్కుతుంది. అప్పుడాయన తాను పంపింది సున్నానో ఒకటో బయటపెడతాడు. రెండూ ఒకటైతే ఈమె కంపెనీ పడవకు ముందు జెట్టీ, వేరైతే ఆయన కంపెనీ పడవకు. ఆయన బయటపెట్టింది ఈమె కొలతలతో పొసగకపోతే మోసం జరిగినట్టు.

ఇద్దరూ మాట్లాడుకోకూడదని షరతు. ఏడు నెలల్లో ఆమెకు తెలిసినవల్లా ఆయన పేరు గణేశ్వరరావు అని, ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయడని. అయినా రోజూ తన కోసం కనిపెట్టుకుని ఉండే మనిషి ఆయనొక్కడే.

ఆగస్టులో ఆయన బయటపెట్టినదానికీ ఆమె కొలతలకూ తేడాలు పెరిగి హద్దు దాటాయి. ఏమైందని అడిగే దారి లేదు. చివరికి నిబంధన ప్రకారం ‘మోసం’ అన్న బటన్ నొక్కింది. మర్నాటి నుంచి అవతల వేరే మనిషి.

వారం తరువాత ఆ కొత్త మనిషితోనూ అవే తేడాలు. అనుమానం వచ్చి తీగ విప్పి చూస్తే, ఉప్పుగాలికి తన వైపు మొనే మసకబారి ఉంది. తప్పు తనదేనని రెండు కంపెనీలకూ రాసింది. జవాబు రాలేదు. ఆదివారం ఆరాధన కాగానే హోప్ టౌన్‌కు ఫెర్రీ ఎక్కింది.

ఇల్లు అడుగుతూ వెళ్లేసరికి గణేశ్వరరావు వాకిట్లో బోటు ఇంజన్ విప్పుకుంటున్నాడు.

“హాడో నుంచి వచ్చాను భయ్యా, ఎలీసబెతుని. బటన్ నొక్కింది నేనే. గల్తీ నా వైపుది.”

ఆయన చేతులు తుడుచుకున్నాడు. “కూకో దీదీ. నేనైనా నొక్కేవోణ్ణే. మనల్ని పెట్టిందే నమ్మకుండా ఉండడానికి కదా.”

“కంపెనీవాళ్లు మళ్లీ పిలిచారా?”

“లేదు. పిల్సినా ఎల్లను. ఊరంతా చీటింగ్ చేసేనంటన్నారు. మా ఇంటిది యర్రమ్మ ఒక్కతే నన్ను నమ్మింది.”

తిరుగుదారిలో ఎలీసబెతు జెట్టీ దగ్గర టీ కొట్టులో నిలబడి, అక్కడున్న ఆరుగురికీ జరిగింది చెప్పింది. ఇద్దరు తలూపారు. ఒకాయన, “ఛోడో దీదీ, ఇప్పుడెందుకు,” అన్నాడు. అంతలో ఫెర్రీ వచ్చింది.

నెలాఖరుకు ఎలీసబెతు యంత్రం పని మానేసింది. ఇప్పుడు రేవుకు దూరంగా సిప్పీఘాట్‌లో మొక్కల నర్సరీలో పనిచేస్తోంది. అక్కడ కబుర్లు చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. ఆమే పెద్దగా మాట్లాడదు.