పాలపొడి డబ్బా, మా చిట్టి

ఈ పొద్దున తార్నాక దగ్గర యూనివర్సిటీ క్యాంపస్‌లో నడుస్తుంటే, మీదికి ఎగబడుతున్న కుక్కపిల్లను ఆపడానికి ఒకమ్మాయి గులకరాళ్ళు వేసిన సీసాను గలగలా ఊపింది. కుక్కపిల్ల ఠక్కున ఆగిపోయింది. నేనూ ఆగిపోయాను.

లాలాగూడ రైల్వే క్వార్టర్ల దోస్తులారా, మా ఇంట్లో తుప్పు వాసన కొట్టే పాలపొడి డబ్బా గుర్తుందా? నైట్ డ్యూటీ చేసొచ్చి పగలు పడుకునే నాన్న, అందులో పట్టాల పక్క కంకర వేసి పెట్టారు. మా కుక్క చిట్టి మొరిగితే చాలు, ఆ డబ్బా ఊపేవాళ్ళం. పాపం, మంచం కింద దూరి వణికేది.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఒక మధ్యాహ్నం అరుగు మీద అచ్చనగాయలు ఆడుతున్నాను. చిట్టి పెరట్లోంచి మొరుగుతూ వచ్చి నా గౌను పట్టి లాగింది. నాన్న లేస్తారని డబ్బా ఊపాను. అది నోరు మూసుకుంది.

కాసేపటికి అమ్మ నీళ్ళకని పెరట్లోకి వెళ్ళి, సంపులో పడి ఉన్న మూడేళ్ళ తమ్ముణ్ణి జుట్టు పట్టి పైకి లాగింది. వారం రోజులు ఆస్పత్రిలో ఉండి బతికి బయటపడ్డాడు.

"పిలగాడు మునుగుతుంటే ఒక్కసారన్న మొరగలే. గిసొంటి కుక్క మనకెందుకు?" అన్నారు నాన్న.

మర్నాడే చిట్టిని మాణికేశ్వర్ నగర్‌లో ఎవరికో ఇచ్చేశారు. అది వెనక్కి తిరిగి చూస్తూ వెళ్ళింది. నేను గుమ్మంలో నిలబడ్డానే కానీ నోరు విప్పలేదు.

నాన్న ఇప్పుడు లేరు. తమ్ముడు మాత్రం ఇది చదువుతాడు.

తమ్మీ, ఆ రోజు చిట్టి మొరిగిందిరా.