ఇరవై అయిదుకొక కట్ట

ఈ రోజు రెండవ తరగతికి పెద్ద సంఖ్యల కూడిక చెప్పాను. చీపురు పుల్లలు పంచి, పదికొక కట్ట కట్టమని, కట్టలను పదుల స్థానంలో, విడి పుల్లలను ఒకట్ల స్థానంలో వ్రాయమని వివరించాను. ముప్పై ఎనిమిదికి నలభై ఏడు కలపమంటే యాదమ్మ పలక మీద 310 వేసింది.

"మూడు కట్టలైనయి సార్, పది పుల్లలు మిగిలినయి."

విప్పి చూస్తే కట్టకు ఇరవై అయిదు! ఇంట్లో బీడీలు అట్లాగే కడతారట. పొద్దుటి నుంచి నేను గొంతు చించుకున్నదంతా ఏమైనట్లు?

లెక్కలు రాకుంటే బడి మాన్పించి బీడీలు చుట్టిస్తానని వాళ్ళ అవ్వ ముందే హెచ్చరించింది. సాయంత్రం ఆమే వచ్చి పిల్లకు లెక్కలు వస్తున్నాయా అని అడిగితే, పది పుల్లల కట్ట చూపించి, కట్ట అంటే ఇదీ అన్నాను.

"గిదేం కట్ట పంతులూ? గిట్ల కడితే కార్ఖానల మొఖాన కొడ్తరు. పిల్లను ఖరాబు చేస్తున్నవ్!" అని మనుమరాలిని రెక్క పట్టుకొని తీసుకుపోయింది.

ఇంటికి వచ్చి, పదేసి చొప్పున అమ్మే వస్తువుల పట్టిక వేయబోయాను. గుడ్లు డజను, తమలపాకులు వంద. పదికి ఒక్కటీ తోచలేదు. మీ ఇండ్లలో ఏమైనా ఉంటే దయచేసి తెల్లవారేలోగా చెప్పండి. అది పట్టుకొని ఆ అవ్వ గడపలో నిలబడాలి.