బటర్ సార్ ల్యాండింగులు

ఆ రోజుల్లో మనిషి గొప్పతనమంతా ఫోన్ గ్రూపులో వచ్చే మెచ్చుకోళ్ళలోనే ఉంటుందని నేను గట్టిగా నమ్మేవాడిని. మారతహళ్ళిలో ఒక పీజీ మూడో అంతస్తులో మకాం. కిటికీ తెరిస్తే పక్క పీజీ వాళ్ళ తువ్వాళ్ళు కనిపించేవి. ఉద్యోగమేమో ఎవరో రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడం. కదిరి నుంచి వచ్చిన నేను అప్పటికింకా విమానం ఎక్కలేదు. (విమానాశ్రయం దాకా ఒక్కసారి వెళ్ళాను, మా మేనేజరు మరిచిపోయిన కళ్ళజోడు అందించి రావడానికి.) అయినా సరే, ఆదివారం వచ్చిందంటే నేను యుద్ధవిమానం నడిపేవాడిని, లాప్‌టాప్‌లో. సిమ్యులేటర్ అనే ఆ ఆటలో నిజం విమానంలో ఉండే మీటలన్నీ ఉంటాయి. ఆ పిచ్చి ఉన్నవాళ్ళంతా కలిసి ఒక గ్రూపు పెట్టుకున్నారు. తెర మీద విమానం అందంగా కనిపించినప్పుడు స్క్రీన్‌షాట్ తీసి పంపడం, ఒకరి మబ్బులను ఇంకొకరు పొగడటం అక్కడి ప్రధాన వ్యాపకం. వాయుసేనలో చేసి రిటైరైన పెద్దవాళ్ళూ అందులో ఉండేవారు. మా ఫోటోలు చూసి వాళ్ళు పాత సంగతులు తవ్వుకునేవారు: ఎండాకాలంలో రెక్క మీద చెయ్యి పెడితే బొబ్బలెక్కిన రోజులు, చలికాలం తెల్లవారుజామున ఇంజను మొదలుపెట్టాక అందరూ దాని వెనక చేరి చలి కాచుకోబోతే అధికారి తరిమిన వైనాలు. అలాంటివాళ్ళ ముందు శభాష్ అనిపించుకోవాలని నా తాపత్రయం.

చిన్న ఇబ్బంది ఏమిటంటే, నాకు విమానం దించడం రాదు. ఎగరేయడం వచ్చు, గాల్లో పల్టీలు కొట్టించడం వచ్చు, నేల దగ్గరికొచ్చేసరికి మాత్రం ప్రతిసారీ భగ్గుమనేది. అందుకని ఒక ఉపాయం కనిపెట్టాను. చక్రాలు రన్‌వేని తాకబోయే క్షణంలో ఆటను ఆపేసి, స్క్రీన్‌షాట్ తీసి, కిందికి రాకముందే మూసేసేవాడిని. మెత్తగా దిగితే మా వాళ్ళు దాన్ని ‘బటర్’ అంటారు. నేను పంపిన ప్రతి ఫోటో కింద “ఈరోజు కూడా బటరే” అని రాసేవాడిని. నాలుగు నెలలు తిరిగేసరికి గ్రూపులో నా పేరు బటర్ సార్ అయిపోయింది. కొత్తగా చేరినవాళ్ళు “సార్, దించేటప్పుడు వేగం ఎంత పెట్టుకోవాలి?” అని అడిగితే “అది అనుభవం మీద వస్తుంది బ్రదర్” అని జవాబిచ్చేవాడిని. ఇప్పుడు రాస్తుంటే చెవులు వేడెక్కుతున్నాయి గానీ, అప్పుడు మాత్రం సిగ్గన్నదే ఉండేది కాదు.

గ్రూపులో ఒక పెద్దాయన ఉండేవారు. మాటలు తక్కువ. ఎవరు ఏ ఫోటో పెట్టినా చక్రాల గురించే ఒక ముక్క రాసేవారు కాబట్టి అందరూ చక్రాల తాత అనేవారు. ఆయన గొప్ప పైలట్ అయి ఉంటారని నా ఊహ. ఒక సోమవారం ఆయన అందరికీ కనబడేలా రాశారు: “బటర్ సార్, వచ్చే ఆదివారం హొసకోటెలో మా ఇంటికి రాప్పా. నేను పనిచేసిన జెట్టు నీ ఆటలో ఉండాది కదా. అది నేల మింద దిగేది నేను ఒకసారి చూడల్ల.” వెంటనే గ్రూపంతా చప్పట్ల బొమ్మలు. ఫోటో మరవద్దని ఒకరు, మాకూ ఆ అదృష్టం లేకపోయెనే అని మరొకరు. రానని అనే దారి ఎక్కడా కనపడలేదు. అంత ముసలాయన నోరు తెరిచి అడిగిన కోరిక తీర్చలేకపోతే నా పరువు సంగతి అటుంచి, ఆయన మొహం ఎలా చూడాలి?

ఆ వారమంతా ఆఫీసుకు వెళ్ళేముందు సాధన చేశాను. మంగళవారం నుంచి శనివారం దాకా దాదాపు అరవై విమానాలు తగలేశాను. “ఏంరా, పొద్దున్నే ఆ పేలుళ్ళేంది? కింద ఓనరు ఇల్లు ఖాళీ చేయమంటాడు” అని మా రూమ్మేటు దుప్పట్లోంచే విసుక్కునేవాడు. ఆదివారం లాప్‌టాపూ, విమానం తిప్పే స్టిక్కూ సంచిలో సర్దుకుని బస్సెక్కాను. సంచిలోంచి పైకి పొడుచుకొచ్చిన స్టిక్కును కండక్టరు అనుమానంగా చూసి “ఇదు యావ గాడి గేరు?” అని అడిగాడు. ఏ బండి గేరో చెప్పే ధైర్యం లేక కిటికీలోంచి బయటికి చూశాను.

చక్రాల తాత గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. సన్నగా, పొట్టిగా, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాలో, పెళ్ళికి బయల్దేరినట్టు. చిత్రాన్నం తింటున్నప్పుడు నేను భక్తిగా “సార్, మొత్తం ఎన్ని గంటలు నడిపి ఉంటారు?” అని అడిగాను. ఆయన జవాబిచ్చేలోపే ఆయన భార్య, అవ్వ, వంటింట్లోంచి నవ్వింది. “ఆయన నడిపేదేంది నాయనా! సర్వీసంతా ఏరోప్లేను కింద దూరి చక్రాలు బిగించేదే పని. ఇంట్లో సైకిలుకు గాలి కొట్టమంటే మాత్రం పంపు ఏడుండాదో తెలీదు.” తాత ఏమీ అనుకోలేదు. “నిజమేప్పా. నిచ్చెన మింద నిలబడి లోపలికి తొంగి చూసినా అంతే, సీట్లో ఎప్పుడూ కూర్చోలేదు” అన్నారు. నాకు కాస్త ధైర్యం వచ్చింది. పైలట్ కాదు కదా, నా ఉపాయం ఈయనకు తెలియదులే అనుకున్నాను. (నా తెలివితేటలు అప్పట్లో ఆ స్థాయిలో ఉండేవి.)

టీపాయ్ మీద లాప్‌టాప్ పెట్టి ఆయన జెట్టును ఎగరేశాను. ఊరి మీద ఒక చుట్టు తిప్పి రన్‌వే వైపు తెచ్చాను. చేయి అలవాటు మానుతుందా! నేల దగ్గర పడగానే ఆటను ఆపేసి, “చూడండి సార్, దిగింది!” అన్నాను. తాత కళ్ళజోడు సరిచేసుకుని, మోకాళ్ళ మీద వంగి, తెర అడుగు భాగంలోకి తొంగి చూశారు.

“ఇంకా జానెడు సందు ఉండాదే అప్పా. చక్రం నేలకు తగల్లేదు. ముందుకు పోనీ.”

పోనిచ్చాను. భగ్గుమంది. అవ్వ వంటింట్లోంచి “ఏమాయ, పాయనా?” అని కేకేసింది. నేను తల దించుకున్నాను. తాత తన ఫోన్ తీసి నా ముందు పెట్టారు. నాలుగు నెలలుగా నేను పంపినవన్నీ ఆయన దాచుకున్నారు. ఒక్కొక్కటీ పెద్దది చేసి చక్రాలు చూపిస్తూ పోయారు. “ఇదీ తగల్లేదు. ఇదీ లేదు. ఈ పొద్దు దాకా నీ బండి ఒకటీ నేలకు రాలేదు. మొదటినుంచీ చూస్తానే ఉండా.”

“అందరికీ తెలిసిపోయిందా సార్?” అన్నాను.

“వాళ్ళు మబ్బులు చూసేవాళ్ళు. వాళ్ళకేం తెలుస్తాది?”

“మరి తెలిసీ నన్నెందుకు పిలిచారు?”

ఆయన ఫోన్ పక్కన పెట్టారు. “నువ్వు అన్నిటినీ గాల్లోనే నిలబెట్టేసినావు. చూసినప్పుడల్లా బేజారుగా ఉంటాది నాకు. మా స్టేషన్లో ఒక బండికి నేనే చక్రాలు బిగించి పంపినా. దాన్ని నడిపే పైలట్‌ను మేమంతా మా పిల్లోడనే అంటా ఉంటిమి. దిగేది చూడల్లని చీకటి పడేదంకా రన్‌వే పక్కనే కూర్చున్యా. రాలేదు.” స్టిక్కు నా వైపు జరిపారు. “దించుదాం రా. ఎన్నిసార్లయినా సరే.”

నాకు ఏడుపొచ్చినంత పనైంది, సిగ్గుతో సగం, ఆయన మీద ప్రేమతో సగం. ఆ పొద్దంతా దించుతూనే ఉన్నాం. విమానం లోపలి సంగతులు ఆయనకు తెలియవు గానీ, రన్‌వే పక్కన కూర్చుని వేలసార్లు చూసిన కళ్ళు అవి. ముక్కు ఎంత ఎత్తులో ఉండాలో, ఎప్పుడు బరువుగా వాలుతున్నదో ఇట్టే చెప్పేవారు. “మరీ గట్టిగా వస్తాండావు... ముక్కు ఎత్తు... స్వల్ప నిదానం... అయ్యో!” భగ్గు. “ఇంగోటి పాయనా?” అని అవ్వ. ఆరోసారికి ఆవిడ కూడా కూరగాయల పీట తెచ్చుకుని మా పక్కనే కూర్చుంది. తొమ్మిదోసారికి “ఆ పిల్లోనికి చేతకాదులే, వదిలిపెట్టు” అని తీర్పు చెప్పింది. తాత వదల్లేదు.

మధ్యాహ్నం దాటాక ఒకసారి విమానం నేలను తాకింది. తాకి ఎగిరింది, మళ్ళీ తాకింది, పక్కకు తిరిగి గడ్డిలోకి పరిగెత్తి, ఒక బోర్డును పడగొట్టి ఆగింది. మంట లేదు. ముగ్గురం తెరనే చూస్తున్నాం. తాత మెల్లగా ముందుకు వంగి లాప్‌టాప్ అడుగున అరచెయ్యి పెట్టారు. ఆట ఆడీ ఆడీ అది కాలిపోతోంది. “వేడిగా ఉండాది” అన్నారు. “దిగినాక టైరు వేడిగా ఉంటే మా పిల్లోడు వచ్చేసినట్లే లెక్క.” ఆయన కళ్ళు తుడుచుకుంటుంటే అవ్వ “ఆటకు గూడా ఏడుస్తారా ఎవరన్నా!” అని మందలించి, తన కొంగు అందించింది.

ఆ హడావిడిలో స్క్రీన్‌షాట్ తీయడం మరిచిపోయాను. సాయంత్రానికి గ్రూపు ఫోటో కోసం గోల పెట్టింది. బస్సులో కూర్చుని మొత్తం నిజం రాసేశాను: పాతవన్నీ గాల్లో ఆపినవని, ఈరోజు మాత్రమే దిగానని, దానికి ఫోటో లేదని. పాత అబద్ధాలన్నీ హాయిగా నమ్మిన జనం ఈ ఒక్క నిజాన్ని నమ్మలేదు. నవ్వే బొమ్మలు కుప్పలుగా పడ్డాయి. కొత్తవాడొకడు “అనుభవం మీద వస్తుంది బ్రదర్” అని నా మాట నాకే అప్పగించాడు. చివరన తాత రాశారు: “నేను చూసినా. దిగినాడు.” దాంతో అందరూ నోరు మూసుకున్నారు.

ఇప్పుడు నాకు విమానం దించడం బాగానే వచ్చు. నెత్తిన జుట్టు పలచబడింది, ఉద్యోగం పనిమీద నిజం విమానాలు కూడా చాలాసార్లు ఎక్కాను. మారతహళ్ళి పీజీలోని ఆ బటర్ సార్ తలపుకొస్తే మాత్రం ఇప్పటికీ నవ్వొస్తుంది. తన మోసం ఎవరి కంటా పడటం లేదనుకుని వాడు ఊరందరి మెప్పు కోసం ఫోటోలు పంపుకుంటూ పోయాడు. హొసకోటెలో ఒక మనిషి నాలుగు నెలలుగా, వీడు ఎప్పుడు నేలకు దిగుతాడా అని కూర్చుని ఉన్నాడని, పాపం, వాడికి తెలియదు.