చప్పట్ల కూలి

నా చిన్నప్పుడు మా ఇంట్లో డబ్బు గోనెసంచిలో ఉండేది. ఆ సంచి మీదే తల పెట్టుకుని నేను పడుకునేవాణ్ణి. నమ్మకపోతే మా ఊరు వాయినికోరోలో పాతవాళ్ళని అడగండి. పాతవాళ్ళెవరూ మిగల్లేదు కాబట్టే ఇంత ధైర్యంగా చెబుతున్నాను.

ఫిజీకి స్వాతంత్ర్యం వచ్చిన కొత్త. మా చిన్నాన్నకి లాటరీ తగిలింది. ఆ టికెట్టు కూడా ఆయన కోరి కొన్నది కాదు, చిల్లర లేదని దుకాణంవాడు అంటగట్టినది. నెల తిరక్కుండా వరండాకి కొత్త రేకులు, పెద్ద రేడియో, ఊళ్ళో ఎవరికీ లేని స్ప్రింగుల సోఫా వచ్చాయి. చెరుకు కోతకి తన బదులు ఒక కూలిమనిషిని పెట్టాడు.

అందులో తప్పేమీ లేదు. మా వైపు పది పన్నెండు పొలాలవాళ్ళు ఒక గ్యాంగుగా కూడి, వంతులవారీగా అందరి చెరుకూ అందరూ కోసేవారు. రాలేనివాడు మనిషిని పంపవచ్చు. సాయంత్రం స్నానాలయ్యాక ఒకరింటి చాప మీద చేరి యంగోనా తాగడానికి మాత్రం బదులు మనిషి కుదరడు. వేరు దంచి నీళ్ళలో కలిపిన ఆ పానీయం ఒంటరిగా తాగేది కాదు. కొబ్బరి చిప్ప అందుకునేవాడు ఒక చప్పట చరిచి తాగాలి, తాగాక చుట్టూ ఉన్నవాళ్ళు మూడు చరవాలి.

మొదట్లో అందరూ సోఫా చూడడానికి వచ్చారు. తరువాత రావడం తగ్గింది. ఎవరికీ కోపం లేదు. వాళ్ళ కబుర్లన్నీ ఆనాటి కోతవే, ఎవరి కత్తి మొద్దుబారింది, ఎవర్ని కందిరీగ కుట్టింది అని. మధ్యలో చిన్నాన్న రేడియో సంగతి ఎత్తితే మర్యాదకి తలూపేవారు. ఆయనేమో సరుకు నచ్చలేదేమోనని ఇంకా ఖరీదైన వేరు తెప్పించాడు. చివరికి యంగోనా కలిపిన బేసిన్ ముందు ఒక్కడే కూర్చుని, చప్పట్లకి నన్ను కూలికి పెట్టుకున్నాడు. సాయంత్రానికి ఒక నాణెం.

"గట్టిగా కొట్టరా," అనేవాడు. ఎంత గట్టిగా కొట్టినా అవి రెండు చేతులే.

ఒకనాడు మా నానమ్మ గుమ్మంలో నిలబడి ఇదంతా చూసింది.

"వీళ్ళకి నా డబ్బంటే కడుపుమంట అమ్మా," అన్నాడు చిన్నాన్న.

మర్నాడు పొద్దున్నే నానమ్మ పాత కత్తి తెచ్చి ఆయన ముందు పెట్టింది. రాత్రే నూరినట్టుంది, మెరుస్తోంది. "ఒరే, నీ మనిషికి బుఖార్ వచ్చింది. ఈరోజు నువ్వే పోవాల. మన ఇంటినుంచి మనిషి తక్కువైతే ఇజ్జత్ ఏముంటది?"

నేను టీ కెటిలు పట్టుకుని వెనకే వెళ్ళాను. మమ్మల్ని చూసి గ్యాంగు సర్దార్ నడుము మీద చేతులు వేసుకున్నాడు. "ఏం సేఠ్, సోఫా తేలేదా? చెరుకులో యాడ కూర్చుంటావు?"

అందరూ నవ్వారు. చిన్నాన్న తల వంచుకుని కోత మొదలుపెట్టాడు. మధ్యాహ్నానికి అరచేతులు బొబ్బలెక్కాయి. అది చూసి ఆ సర్దారే తన తలగుడ్డ చింపి కట్టు కట్టాడు. "మెల్లగా కొయ్యి భయ్యా. మిల్లు యాడికీ పోదు."

ఆ సాయంత్రం ఎవరూ పిలవకుండానే అందరూ మా వరండాకి వచ్చి చాప పరుచుకున్నారు. చిన్నాన్న రేడియో పెట్టలేదు. తన బొబ్బల కథ రెండుసార్లు చెప్పాడు, రెండుసార్లూ విన్నారు. చప్పట్లు కొత్త రేకుల మీద వానలా మోగాయి. నా ఉద్యోగం పోయింది.

ఆ కూలిమనిషికి జ్వరం ఎప్పుడూ రాలేదు. నానమ్మే ముందురోజు చేతికొక కోడినిచ్చి వాళ్ళ ఊరికి పంపేసిందట. అతను తిరిగొచ్చాడు, చిన్నాన్న వేరే పని చూపించాడు. కోత కత్తి మాత్రం మళ్ళీ అతని చేతికివ్వలేదు.

గోనెసంచి అన్నాను కదా, అది బిస్కెట్ల డబ్బా. నేను తల పెట్టుకున్నది బియ్యం బస్తా మీద. ఆ డబ్బు నాలుగేళ్ళు కూడా నిలవలేదు. రేకులు తుఫాను పట్టుకుపోయింది, సోఫాలో కోళ్ళు గుడ్లు పెట్టాయి. అలాగని డబ్బుని తిట్టను. నానమ్మ కంటి శుక్లం తీయించింది ఆ డబ్బే. ఆ కంటితోనే ఆమె గుమ్మంలోంచి కొడుకు ఒంటరితనాన్ని చూసింది.

ఇప్పటికీ చేతికి ఏదైనా తేరగా వస్తే, ఆ ఖాళీ వరండాలో నా చిన్న చేతుల చప్పుడు వినిపిస్తుంది. వెంటనే లేచి పక్కింటివాళ్ళని టీకి పిలుస్తాను.

ఇంతవరకూ రాసి, లౌటోకాలో ఉన్న మా అక్కకి ఫోన్లో చదివి వినిపించాను. ఆమె చివరిదాకా ఓపిగ్గా విన్నది.

"నీ చేతులేంట్రా? నువ్వు రెండో చిప్పకే సోఫాలో నిద్రపోయేవాడివి. చప్పట్లు కొట్టింది నేను. నాణేలు తీసుకున్నది నువ్వు."