రెండో సలోమి

నిన్న బల్ల సొరుగు సర్దుతుంటే అడుగున అగ్గిపెట్టెంత సర్క్యూట్ బోర్డు దొరికింది. దుమ్ము పోవాలని ఊదగానే వరసగా నాలుగు తుమ్ములు వచ్చాయి. మా ఆఫీసు గుంటూరు మిర్చి యార్డుకు దగ్గర. సీజన్లో ఆ ఎర్ర దుమ్ము మూసిన సొరుగుల్లోకి కూడా దూరుతుంది. కళ్ళు తుడుచుకుని బోర్డును కంప్యూటర్‌కు తగిలించాను. తెర మీద ఒకే మాట వచ్చింది: సలోమి. ఆ బోర్డును అప్పట్లో సాక్ష్యంగా దాచాను. ఎవరికి చూపించాలనుకున్నానో గుర్తులేదు గాని, ఎందుకు దాచానో మరిచిపోలేదు.

సలోమి గారు మా సీనియర్ ఇంజనీరు. మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో చలి, తేమ ఎంత ఉన్నాయో కొలిచి, తీగలు లేకుండా ఒకదాని నుంచి ఒకటి అందుకుంటూ ఆ లెక్కను బయటికి చేర్చే చిన్న బోర్డులు మా సరుకు. నేను చేరిన సోమవారం ఆవిడ నాలుగు పేజీల కాగితం నా చేతిలో పెట్టారు. బోర్డుకు ప్రోగ్రాం రాసి ఎక్కించడానికి కావలసిన సాఫ్ట్‌వేర్ పనిముట్లన్నీ నా కంప్యూటర్‌లో ఎలా అమర్చుకోవాలో అందులో ఉంది. "మొదటి పేజీ నుంచి మీరే చేసుకోండి. ఏదీ వదిలెయ్యొద్దు," అన్నారు. కూర్చోమని కూడా అనలేదు. నాకు ముందు చేరినతనికి ఆవిడే పక్కన కూర్చుని అమర్చిపెట్టారని ఖాజావలి చెప్పాడు. వాడు నా చిన్ననాటి సహాధ్యాయి, ఇక్కడ బోర్డులకు టంకం పెడతాడు. ఆ తేడాను నేను మనసులో పెట్టుకున్నాను.

రెండు రోజులు ఎర్రర్ల మీద ఎర్రర్లు. ఒక పనిముట్టు కొత్తది కావాలంటుంది, అది పెడితే ఇంకొకటి పాతదే కావాలంటుంది. బుధవారం విసుగెత్తి, ఆఫీసు నెట్‌వర్క్‌లో అందరికీ కనిపించే ఆవిడ ఫోల్డర్‌ను మొత్తంగా కాపీ చేసుకున్నాను. ఒక్క దెబ్బకు పని అయిపోయింది.

"అప్పుడే అయిందా?" అన్నారావిడ.

"అయిందండి."

ఆవిడ కాసేపు నా తెర చూశారు. "అయితే బోర్డు చేత మీ పేరు చెప్పించండి. శనివారం ప్రత్తిపాడు కోల్డ్ స్టోరేజీలో పెట్టొద్దాం."

శనివారానికి సొంతంగా ఒక బోర్డు పలికిస్తేనే ఉద్యోగం ఉంటుందని యజమాని ముందే చెప్పి ఉన్నారు. కాపీ చేసుకున్న ఫైల్లో సలోమి అని ఉన్నచోట శ్రీహరి అని మార్చి, రాసినదాన్ని బోర్డుకు అర్థమయ్యేలా తయారుచేసే బిల్డ్ మీట కొట్టాను. ఎర్రర్ లేదు. బోర్డులోకి ఎక్కించాను. బోర్డు సలోమి అంది. ఫైలు తెరిచి చూస్తే శ్రీహరి అనే ఉంది. మళ్ళీ ఎక్కించాను. మళ్ళీ సలోమి. కంప్యూటర్ ఆపి పెట్టాను, బోర్డు మార్చాను, చివరికి కళ్ళజోడు కూడా తుడుచుకున్నాను.

"ఏం సలోమి గారూ, టీ చెప్పమంటారా?" అన్నాడు ఖాజావలి.

"ఒరేయ్, నోరు ముయ్."

"నన్నంటావేంట్రా. బోర్డే అంటోందిగా."

శుక్రవారం నేరుగా యజమాని దగ్గరికి వెళ్ళాను. సలోమి గారు అక్కడే ఉన్నారు. "మేడమ్ నా కంప్యూటర్‌ను ఏదో చేశారండి. నేనేం మార్చినా మారనివ్వడం లేదు," అన్నాను. ఆవిడ కోప్పడలేదు. మమ్మల్ని తన బల్ల దగ్గరికి తీసుకెళ్ళి, తన కంప్యూటర్‌కున్న నెట్‌వర్క్ తీగ ఊడదీశారు.

"ఇప్పుడు వెళ్ళి మీ కంప్యూటర్‌లో కొట్టండి బిల్డ్."

కొట్టాను. ఆ ఫోల్డర్ కనబడటం లేదని ఎర్రర్ వచ్చింది. అందులో ఉన్న అడ్రసు ఆవిడ కంప్యూటర్‌ది. కాపీ నా దగ్గరే ఉన్నా, దాని లోపల రాసి ఉన్న దారి ఆవిడ కంప్యూటర్‌కే పోతోంది. నేను మార్చింది ఒక ఫైలు, యంత్రం చదువుతున్నది ఇంకొకటి.

"మూడు రోజులుగా నా ప్రోగ్రామునే బిల్డ్ చేసిపెడుతున్నారు. థాంక్సండి," అన్నారావిడ. యజమాని నవ్వారు.

సలోమి అన్న బోర్డును సాక్ష్యంగా సొరుగులో దాచి, ఉన్నదంతా చెరిపేసి, మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాను. ఏ పనిముట్టుకు ఏ పాత వెర్షన్ పెట్టాలో రెండో పేజీలో స్పష్టంగా ఉంది. కొత్తదే మంచిదని నేనే దాటేశాను. శనివారం బండి బయలుదేరే ముందు కొత్త బోర్డు శ్రీహరి అంది. ఆవిడ దాని మీద నా పేరు చీటీ అంటించి, "ఎక్కండి, ఆలస్యమవుతోంది," అన్నారు. అంతే.

తర్వాత కొన్నేళ్ళకు ఆవిడ చీరాల వైపు కాలేజీలో పాఠాలు చెప్పడానికి వెళ్ళిపోతున్న రోజున అడిగాను. "నేను మీ ఫోల్డర్ కాపీ చేశానని బుధవారమే మీకు తెలుసు కదండీ?"

ఆవిడ సంచి సర్దుకుంటూ అన్నారు: "మా అమ్మ మిరపకాయల తొడిమలు తీసే కూలికి వెళ్ళేది. సెలవుల్లో నన్నూ తీసుకెళ్ళేది. చేతులు మండకుండా ఎలా తీయాలో మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. తెలియక చెప్పలేదో, తెలిసి చెప్పలేదో నాకిప్పటికీ తెలియదు శ్రీహరి గారూ."

అది జవాబో, తప్పించుకోవడమో నాకు అర్థం కాలేదు. ఇప్పటికీ కాలేదు. ఆ థాంక్స్ కూడా మింగుడుపడలేదు. కాని ఏ పనైనా ఒక్క దెబ్బకు అయిపోతే నాకు అనుమానం వస్తుంది. లేచి నెట్‌వర్క్ తీగ ఊడదీసి మళ్ళీ బిల్డ్ కొడతాను. అప్పుడూ నడిస్తేనే అది నా పని అనుకుంటాను.

ఈ పాత బోర్డులోకి నా పేరు ఎక్కించడం అర నిమిషం పని. నిన్న కూడా ఎక్కించలేదు. తుమ్ములు ఆగాక, దాన్ని అలాగే సొరుగులో పెట్టేశాను.